మూడో నెల వచ్చినా తెర వెనుకే ఉన్నాను, ఇది చదువేనా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాది ప్రొద్దుటూరు. బీఏ చివరి సంవత్సరం. సెమిస్టరు ఇంటర్న్‌షిప్ కోసం అనంతపురంలో ఒక నాటక సంస్థలో చేరాను. హాస్టల్లో ఉంటున్నాను. ఇది మూడో నెల. ఉదయం ఏడున్నరకు వెళ్లి హాలు ఊడుస్తాను. తర్వాత అందరితో కలిసి వ్యాయామం, గొంతు సాధన. పదకొండింటికి టీ తేవాలి. ఆ తర్వాత టైలరు దగ్గరికి వెళ్లడం, దుస్తులు ఇస్త్రీ చేయడం. మధ్యాహ్నం రిహార్సల్లో ప్రాంప్టింగ్, అంటే నటులు మరిచిపోయిన మాటలు అందించడం. ప్రదర్శన ఉన్న సాయంత్రం లైట్లు, పెట్టెలు మోయాలి. మామూలు రోజుల్లో హాస్టలుకు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ప్రదర్శన రోజున పదకొండు. ఇప్పటివరకు వేదిక మీద ఒక్క మాట కూడా పలకలేదు. నాతో పాటు చేరిన ఇద్దరు అబ్బాయిలకు వేషాలు వచ్చాయి. వాళ్లు టీ తేరు. ప్రతి ఆదివారం అమ్మ ఫోను చేసి "ఏం వేషం వేస్తున్నావు?" అని అడుగుతుంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాను. లాగ్ బుక్కు నింపి సంతకం చేయించుకుంటే చాలని మా లెక్చరరు అన్నారు. నేను నేర్చుకుంటున్నానా, లేక నన్ను వాడుకుంటున్నారా? మానేయమంటారా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

సమాధానం:

అమ్మా,

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. తెర వెనుక చాకిరీ చదువేనా అన్నది ఒకటి. ఆ చాకిరీ నీకు, వేషాలు ఆ అబ్బాయిలకు ఎందుకు వెళ్లాయన్నది రెండోది. మొదటిదానికి చదువేనని గట్టిగా చెబుతాను. రెండో విషయంలో నీకు కోపం రావడం న్యాయం. దాన్ని మింగేయమని నేను చెప్పను. ఇప్పుడే మానేయవద్దు. అలాగని మిగిలిన రోజులను ఇప్పటిలాగే గడిపేయనూ వద్దు.

నేను కర్నూలులో చాలా కాలం తెర వెనుక పనిచేశాను. ఆ తర్వాత నీ వయసు పిల్లలకు ఆ పని నేర్పాను. అందుకే నీ రోజును ఉదయం నుంచి రాత్రి వరకు ఒక్కొక్క పనిగా విడదీసి చూస్తున్నాను. అందులో కొన్ని పనులు నీకు విద్యనిస్తున్నాయి, కొన్ని నీ సమయాన్ని తినేస్తున్నాయి. ఏది ఏదో తెలిస్తే దర్శకుడిని ఏం అడగాలో నీకే తెలుస్తుంది.

ఊడ్చడంతో మొదలుపెడదాం. నటులు చెప్పులు లేకుండా నడిచే, పడే, దొర్లే నేల అది. ఊడిపోయిన మేకు, పడిపోయిన పిన్నీసు, లేచిన చెక్క అంచు ముందుగా కనబడేది ఊడ్చే మనిషికే. ఎక్కడ అడుగు వేస్తే చెక్క కిర్రుమంటుందో కూడా ఆ మనిషికే తెలుస్తుంది. మంచి సంస్థల్లో హాలు ఊడ్చే పని వంతులవారీగా అందరికీ పడుతుంది. పెద్ద నటుడికీ మినహాయింపు ఉండదు. కాబట్టి ఆ పనిని చిన్నచూపు చూడకు. కానీ మూడు నెలలుగా చీపురు నీ ఒక్కదాని చేతిలోనే ఉంటే అది శిక్షణ కాదు, వాళ్లకు అలవాటైపోయింది.

మన సీమలో నాటకం బతికిన తీరే దీనికి సాక్ష్యం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజంలో రాజు వేషం వేసే మనిషే పరదా కడతాడు, తాడు లాగుతాడు, పెట్టె మోస్తాడు. పిల్లలు వేదిక పక్కల తెరచాటున ఉండే వింగుల్లోనే పెరిగి, అక్కడి నుంచే వేదిక మీదికి నడిచివస్తారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట చూసి ఉంటే నీకు తెలిసే ఉంటుంది. బొమ్మను ఆడించే మనిషే పాడతాడు, బొమ్మ తరఫున మాట్లాడతాడు, కాలి కింద చెక్కను తొక్కి యుద్ధపు చప్పుడు పుట్టిస్తాడు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ విద్యలో మోసే చేతులు వేరు, ఆడించే చేతులు వేరు అన్న విభజన లేదు. పని రెండు వైపులా నడుస్తుంది. ఈ రోజు పెట్టె మోసినవాడు రేపు పాత్ర మోస్తాడు, పాత్ర మోసినవాడు ఎల్లుండి పెట్టె మోస్తాడు. మీ సంస్థలో పని ఒక వైపే నడుస్తోంది. నీ బాధకు అసలు కారణం అదేనని నా అభిప్రాయం.

ఉదయం వ్యాయామం, గొంతు సాధన గురించి నువ్వు ఫిర్యాదు చేయలేదు. మంచిది. ఆ గంటను ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకు. ఎవరైనా ఆ సమయంలో బజారు పని చెబితే "సాధన అయ్యాక వెళ్తాను సార్" అని మర్యాదగా చెప్పు. నేర్చుకోవడానికి వచ్చిన మనిషి నోట ఆ మాట వింటే తప్పుపట్టే దర్శకుడు ఉండడు.

ఇక దుస్తులు. ఇస్త్రీ పెట్టె పట్టుకున్నంత మాత్రాన ఏమీ రాదు. కానీ టైలరు దగ్గరికి నువ్వే వెళ్తున్నావు కాబట్టి అక్కడ కాసేపు నిలబడి చూడు. నాటకానికి కుట్టే బట్టలో లోపలి కుట్టు దగ్గర గుడ్డ ఎక్కువగా వదులుతారు. అదే అంగరఖా రేపు ఇంకో నటుడికి సరిపోవాలి. రెండు దృశ్యాల మధ్య వేగంగా మార్చుకోవలసిన బట్టకు గుండీలు పెడితే నటుడు చీకట్లో తడుముకుంటాడు. అక్కడ వెల్‌క్రో గాని, పెద్ద హుక్కు గాని పెట్టాలి. రంగు సంగతి అంతకంటే ఆసక్తికరం. షాపులో ఆకుపచ్చగా మెరిసిన గుడ్డ, లైటు ముందు పెట్టే ఎర్ర జెల్ కాగితం వెలుతురులో నల్లగా కనబడుతుంది. ఒక రోజు లైటు వేసినప్పుడు మీ దగ్గరున్న బట్టలన్నీ ఒక్కొక్కటిగా దాని కిందికి తీసుకెళ్లి చూసి, ఏ బట్ట ఏ వెలుతురులో ఎలా మారిందో రాసుకో. ఆ పట్టిక నీ దగ్గర ఉంటే తర్వాతి నాటకానికి గుడ్డ కొనేటప్పుడు నిన్నే పిలుస్తారు.

లైట్ల దగ్గరికి వచ్చేసరికి నాకు మొదట భయం వేసింది. మోయడం సరే, దాని ప్రమాదం ఎవరైనా చెప్పారా? 230 వోల్టుల దగ్గర వేదికకు వాడే వెయ్యి వాట్ల పార్ లైటు ఒక్కటి నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టుకు అలాంటివి మూడు చాలు, నాలుగోది పెడితే హద్దు దాటుతుంది. పల్లెల్లో ప్రదర్శనకు వెళ్లినప్పుడు ఉన్న ఒక్క సాకెట్టుకే అన్నీ తగిలించమని ఎవరో ఒకరు అంటారు, నువ్వు ఒప్పుకోకు. పొడవాటి వైరును చుట్టగానే ఉంచి కరెంటు పంపితే ఆ చుట్ట వేడెక్కి కరుగుతుంది, మొత్తం విప్పి పరచాలి. నిచ్చెన ఎక్కేవాళ్లు ఒకరైతే పట్టుకునేవాళ్లు ఇంకొకరు ఉండాలి. కరెంటు ఉండగా ప్లగ్గులు మార్చకూడదు. ఆరిన వెంటనే లైటును ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు. చేతి తొడుగులు అడుగు, ఇవ్వకపోతే నువ్వే కొనుక్కో. లైటింగ్ చేసే మనిషి ఈ విషయాలన్నీ నీకు విడమరచి చెబుతుంటే ఆ సాయంత్రాలు చదువు కిందే లెక్క. "ఇది పట్టుకో, అది ఎత్తు" అని మాత్రమే అంటుంటే అది కూలి పని, అదీ కూలి లేని కూలి పని.

మధ్యాహ్నం ప్రాంప్టింగ్ గురించి నీ ఉత్తరంలో ఉన్నది రెండు మాటలే. నేను మాత్రం అక్కడే ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నాను. ఆ హాలులో నాటకం మొత్తాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చునేది ఇద్దరే, దర్శకుడు, నువ్వు. నటుడికి తన పాత్ర తెలుసు, ఎదుటివాడి చివరి మాట తెలుసు. నీకు అందరి మాటలూ తెలుసు, మాటల మధ్య ఉన్న నిశ్శబ్దాలూ తెలుసు. వేషం వేస్తున్న ఆ అబ్బాయిలకు మూడు నెలల్లో ఒక్కొక్క పాత్ర వచ్చి ఉంటుంది. నీకు నాటకం వచ్చి ఉండాలి. వచ్చిందా? పుస్తకం మూసి మొదటి దృశ్యం చెప్పగలవా? చెప్పగలిగితే నీ చేతిలో ఉన్నది ఎంత విలువైనదో నీకు ఇంకా తెలియదు. చెప్పలేకపోతే ఈ రోజు నుంచే మొదలుపెట్టు.

ప్రాంప్టరు పనిలో అన్నిటికంటే కష్టమైనది, మాట మరిచిపోయిన నటుడిని, మాట ఆపిన నటుడిని వేరుచేసి గుర్తుపట్టడం. ఆపినవాడి శరీరం పనిచేస్తూనే ఉంటుంది, చూపు ఎదుటి పాత్ర మీదే ఉంటుంది. మరిచిపోయినవాడి చూపు చెదురుతుంది, చెయ్యి బట్ట అంచు మీదికో మెడ మీదికో పోతుంది. తొందరపడి మాట అందిస్తే వాడు కట్టిన మౌనాన్ని చెడగొట్టినదానివవుతావు. ఆలస్యం చేస్తే ప్రేక్షకులకు తెలిసిపోతుంది. అందించేటప్పుడు వాక్యం మొత్తం చదవకు, మొదటి రెండు పదాలు చాలు. గుసగుసగా కాదు, గొంతు తగ్గించి మామూలుగా పలుకు. గుసగుసలో సకారాలు బుసకొట్టి మూడో వరుస దాకా వినబడతాయి. పద్యనాటకమైతే ఎత్తుగడ, అంటే పద్యం మొదటి మాటలు అందిస్తే మిగతాది హార్మోనియం చూసుకుంటుంది. ఇదంతా నటన చదవడమే. మాట ముందు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారు, ఒకే వాక్యం సోమవారం ఎందుకు పండింది, బుధవారం ఎందుకు చప్పబడింది అన్నది నీ కుర్చీలో కూర్చున్నంత బాగా ఇంకెక్కడి నుంచీ కనబడదు.

నీ దగ్గరున్న నాటక ప్రతిలో ఒక్కొక్క పుట పక్కన ఒక ఖాళీ కాగితం ఉండేలా కుట్టించుకో. నటుల కదలికలు అక్కడ రాసుకో, పెన్నుతో కాదు, పెన్సిలుతో. దర్శకుడు రేపు మార్చేస్తాడు. కుడి ఎడమలు ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడిన నటుడివి, నీవి కావు. దృశ్యం ఎన్ని నిమిషాలు పట్టిందో ప్రతి రిహార్సల్లోనూ రాయి. నాటక పరిషత్తులు జరిపే పోటీలకు వెళ్లే నాటికలకు సమయ పరిమితి ఉంటుంది. ఎక్కడ సాగుతోందో చెప్పగలిగే మనిషి దర్శకుడికి చాలా అవసరం. ఏ వస్తువు ఏ దృశ్యంలో ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తుందో కూడా రాయి. ఈ ప్రతి తయారైతే నువ్వు టీ తెచ్చే అమ్మాయివి కావు, స్టేజ్ మేనేజరువి. ఆ పదవి ఎవరూ ఇవ్వరు. నాటకం ఆగిపోయినప్పుడు అందరూ ఎవరి వైపు చూస్తారో వాళ్లదే.

ఇప్పుడు వేషాల సంగతి. దీన్ని మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. మన దగ్గర పరిషత్తు నాటికల్లో స్త్రీ పాత్రలు తక్కువ, ఒకటో రెండో ఉంటాయి. వాటికి అనుభవం ఉన్న నటీమణులను బయటి ఊళ్ల నుంచి పారితోషికం మీద పిలుస్తారు. ఆ మహిళల కష్టం వేరే పెద్ద కథ. రాత్రంతా ప్రయాణం, ఒక్కో సంస్థలో ఒక్కో పాత్ర, ఇంటి దగ్గర పిల్లలు. వాళ్ల పని నువ్వు లాక్కోవాలని నేను అనను. కానీ కొత్తగా చేరిన అబ్బాయికి చిన్న వేషమైనా దొరికి, కొత్తగా చేరిన అమ్మాయికి టీ ఫ్లాస్కు దొరకడానికి వెనుక ఉన్న కారణం ఇదే. రాసేవాళ్లు అమ్మాయిలకు పాత్రలు రాయరు. ఆడేవాళ్లు అమ్మాయిలను తయారుచేయరు. తర్వాత ఇద్దరూ కలిసి "నటీమణులు దొరకడం లేదు" అంటారు.

నువ్వు ప్రొద్దుటూరు బస్సులో తాడిపత్రి మీదుగా వస్తావు కదా. 1880లో ఆ తాడిపత్రిలో పుట్టినవాడే బళ్లారి రాఘవ. వృత్తి న్యాయవాది, ప్రాణం నాటకం. నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులకు మేనల్లుడు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, చదువుకున్న మహిళలను రంగస్థలం మీదికి రప్పించినవాడు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో ఆయన ఆ మాట అన్నాడు. ఆయన 1946లో చనిపోయాడు. ఇన్నేళ్ల తర్వాత ఆయన పుట్టిన జిల్లాలోనే నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిని మూడు నెలలు వింగులోనే నిలబెడితే ఎవరికైనా కష్టం కలగాలి. నాకు కలిగింది.

ఈ పరిస్థితిలోనే నీకు దారి కూడా ఉంది. బయటి నుంచి వచ్చే నటీమణులు సాధారణంగా ప్రదర్శనకు కొద్ది రోజుల ముందే రిహార్సలుకు వస్తారు. అంతవరకు ఆ పాత్రను ఎవరు నడుపుతున్నారు? నువ్వు కూర్చున్న చోటు నుంచే ఆ మాటలు చదివేసి వదిలేస్తున్నావేమో. అలా అయితే దర్శకుడిని సూటిగా అడుగు. "సార్, ఆమె వచ్చేవరకు ఆ పాత్ర నేను నిలబడి చేస్తాను. మాటలన్నీ నాకు వచ్చు, కదలికలు రాసుకున్నాను. ఆ సమయంలో ప్రతిని ఇంకొకరు పట్టుకుంటారు." ఇందులో దర్శకుడికి నష్టం లేదు, లాభమే ఉంది. ఖాళీ చోటుతో మాట్లాడే నటుడికి ఎదురుగా మనిషి దొరుకుతుంది. ఆమె వచ్చాక నువ్వు పక్కకు జరిగి, ఆమె అదే పాత్రను ఎలా కడుతోందో చూస్తావు. తను చేసిన పాత్రను తనకంటే పెద్ద నటి చేస్తుంటే దగ్గరగా చూడడం ఎంత పెద్ద పాఠమో మాటల్లో చెప్పలేను. ఎప్పుడైనా ఆమె బస్సు తప్పినా, జ్వరం వచ్చినా ఆ రాత్రి వేదిక మీదికి ఎవరు వెళ్తారో నీకే అర్థమవుతుంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నీ ఉత్తరం చదివితే నువ్వు ఇంతవరకు ఎవరినీ ఏమీ అడగలేదని అనిపించింది. రిహార్సల్ మధ్యలో, నలుగురి ముందు అడగవద్దు. ఉదయం సాధన అయ్యాక పది నిమిషాలు కావాలని ముందు రోజే చెప్పి ఉంచు. "నాకు వేషం ఇవ్వలేదు" అని మొదలుపెడితే ఆయన సర్దిచెప్పడం మొదలుపెడతాడు. కాబట్టి మూడు విషయాలు అడుగు, మూడూ ఆయన అప్పటికప్పుడు అవునో కాదో చెప్పగలిగేవి. రిహార్సల్లో ఆ పాత్ర నేను నిలబడి చేయవచ్చా? ఊడ్చడం, టీ తేవడం ఇంటర్న్‌లు ముగ్గురికీ వంతులు వేస్తారా? వారానికి ఒక సాయంత్రం లైటింగ్ బోర్డు దగ్గర కూర్చుని నేర్చుకోవచ్చా? ఆ అబ్బాయిల మీద చాడీలా వినబడనివ్వకు. వాళ్లు నీ శత్రువులు కారు, నిజానికి టీ తేవడం వల్ల వాళ్లకూ మేలే. నటుడికి ఎవరు ఎంత చక్కెర వేసుకుంటారో తెలియడం కూడా మనిషిని గమనించడమే.

ఆయన ఒప్పుకుని పదిహేను రోజుల్లో ఏదో ఒక మార్పు కనబడితే ఉండు. ఒప్పుకుని ఏమీ చేయకపోతే ఇంకొక్కసారి గుర్తు చెయ్యి. "అమ్మాయిలకు ఇవన్నీ ఎందుకు" అన్న మాట వస్తే, లేక నవ్వి తీసిపారేస్తే, అప్పుడు కాలేజీకి రాసి చోటు మార్చుకో. ఆ నిర్ణయంలో నీ తప్పు ఏమీ ఉండదు.

పని గంటల విషయంలో మాత్రం పదిహేను రోజులు కూడా ఆగకు. ఉదయం ఏడున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర అంటే పద్నాలుగు గంటలు. ఏ డిగ్రీ ఇంటర్న్‌షిప్పూ అన్ని గంటలు అడగదు. నాటకంలో రాత్రి పని తప్పదు, అది నిజం. అందుకే ప్రదర్శన రోజున పిలుపు మధ్యాహ్నానికి ఉండాలి, మర్నాడు ఉదయం విశ్రాంతి ఉండాలి. రాత్రి పదకొండింటికి నిన్ను హాస్టలు గేటు దాకా చేర్చే బాధ్యత సంస్థది. ఆటో ఖర్చు కూడా వాళ్లదే. ప్రదర్శన తేదీలను ముందే వార్డెనుకు రాతపూర్వకంగా ఇచ్చే పని కూడా వాళ్ల చేత చేయించు. పైగా నిద్ర లేని గొంతు సాధనకు లొంగదు. వేసవిలో రేకుల హాలులో రోజంతా ఉండి, పొద్దున ఉగ్గాని తిని మధ్యాహ్నం అన్నం మానేసే పిల్లలను నేను చూశాను. సీసా నీళ్లు, వేళకు భోజనం. దీని మీద ఇంతకంటే ఎక్కువ చెప్పను.

నీ ఉత్తరంలో లేని విషయం ఒకటి, ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి అమ్మాయికీ చెప్పేదే నీకూ చెబుతున్నాను. నటన నేర్పే వంకతో తాకడం, ఒంటరిగా రిహార్సలుకు రమ్మనడం, వేషానికి బదులుగా ఇంకేదో అడగడం నేరం. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం జీతం తీసుకునేవాళ్లకే కాదు, జీతం లేకుండా శిక్షణలో ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. జరిగిన నాటి నుంచి మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. నువ్వు విద్యార్థినివి కాబట్టి మీ కాలేజీ కమిటీ కూడా నీకు అండగా నిలబడాలి. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఫోనులో ఉంచుకో. మీ సంస్థలో అలాంటిదేమీ లేకపోతే సంతోషం.

లాగ్ బుక్కు గురించి మీ లెక్చరరు అన్న మాట నాకు నచ్చలేదు. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది పిల్లలు పని చేసే చోటికి వెళ్లి నేర్చుకోవాలని. సంతకాల కోసం కాదు. ఆ పుస్తకంలో రోజువారీ నమోదు ఉంటుంది, వారం నివేదిక ఉంటుంది. "ఈ రోజు రిహార్సలుకు సహకరించాను" అని రాసి వదిలేయకు. "రెండో దృశ్యంలో తల్లి పాత్ర ప్రవేశం ఎడమ నుంచి కుడికి మార్చారు. కారణం, అటువైపు లైటు ముఖం మీద పడటం లేదు" అని రాయి. ఇలా నాలుగు వారాలు రాస్తే నీ మొదటి ప్రశ్నకు జవాబు నీ చేతిరాతలోనే దొరుకుతుంది. రాయడానికి ఏమీ దొరకని రోజులు వరసగా వస్తుంటే అదీ జవాబే. ఆ పుటలు చూపించి లెక్చరరును ఒకసారి హాలుకు వచ్చి చూడమని అడుగు. కాలేజీ నుంచి ఒక మనిషి వచ్చి కూర్చున్న రోజు నుంచి ఇంటర్న్‌లతో మాట్లాడే తీరు మారిపోవడం నేను చాలా చోట్ల గమనించాను.

నీ పేరు గురించి కూడా పట్టుబట్టు. ప్రతి ప్రదర్శనకు వేసే కరపత్రంలో ప్రాంప్టింగ్, రంగాలంకరణ, లైటింగ్ సహాయం అని నీ పేరు ఉండాలి. కరపత్రం లేకపోతే వేదిక మీద పరిచయాల్లో చదవాలి. ప్రతి కరపత్రం ఒకటి దాచుకో, ఫోటోలు దాచుకో. ముందుముందు ఇవి నిజంగా పనికొస్తాయి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమాకు దరఖాస్తు చేసేవాళ్లను డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల పీజీ ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల వయసున్న యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఉపకార వేతనం ఇస్తుంది. రంగస్థలం కూడా అందులో ఉంది. దానికి గురువు దగ్గరో సంస్థలోనో అయిదేళ్ల శిక్షణ చూపించాలి కాబట్టి ఇప్పుడే నీకు అందదు. నువ్వు స్కూలు రోజుల్లో చెక్కభజనో కోలాటమో, సంగీతమో నేర్చుకుని ఉంటే మాత్రం ఆ విభాగాల్లో అర్హత ఉందేమో చూసుకో. ఈ సంస్థ నుంచి వెళ్లేటప్పుడు తీసుకునే ధ్రువపత్రంలో "ఇంటర్న్‌షిప్ పూర్తి చేసింది" అన్న ఒక్క వాక్యం సరిపోదు. ఏ నాటకాలు, ఏ తేదీలు, ఏ బాధ్యత అన్నవి వివరంగా రాయించుకో.

అమ్మతో మాట్లాడే విషయం ఒకటి మిగిలింది. నువ్వు చెబుతున్న అబద్ధాలు చిన్నవే కావచ్చు. కానీ నీ పనిని నువ్వే తక్కువ చేసుకుంటున్నావు కాబట్టి అవి నీకు గుచ్చుకుంటున్నాయి. ఈ ఆదివారం ఫోను వస్తే "వేషం ఇంకా రాలేదమ్మా, నాటకం మొత్తం నా చేతిలో ఉంది" అని చెప్పి, నీ రోజు ఎలా గడుస్తుందో నాకు రాసినట్టే ఆమెకూ చెప్పు. ఆమె మొదట నొచ్చుకోవచ్చు, "ఇందుకేనా అంత దూరం పంపింది" అనవచ్చు. అననివ్వు. ఆ తర్వాత అనంతపురంలోనే జరిగే ప్రదర్శన ఒకటి చూసి అమ్మనూ నాన్ననూ రమ్మను. మధ్యాహ్నానికే దిగేలా చూసి, ప్రేక్షకుల కుర్చీల కంటే ముందు తెర వెనక్కి తీసుకెళ్లు. వస్తువుల బల్ల, పెన్సిలు గీతలతో నిండిన ప్రతి, నువ్వు విప్పి పరిచిన వైర్లు చూపించు. ఆట ముగిసేసరికి ప్రొద్దుటూరుకు బస్సు ఉండకపోవచ్చు. ఆ రాత్రికి వాళ్లు ఉండే చోటు ముందే చూసి పెట్టు.